హెచ్‌డీలో పొట్టిక్కలు

శనివారం పొద్దున వీరలక్ష్మికి ఉన్న పనులు మూడే. తలంటుకోవడం, పట్టుచీర కట్టుకోవడం, పదకొండింటికి టీవీలో తనను తాను చూసుకోవడం. రెండు వారాల కిందట ఓ ఛానల్ వాళ్ళు మురమళ్ళ వచ్చి, ఆమె వంటింట్లోనే పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోయించి, పొట్టిక్కలు వండించి, వీడియో తీసుకుని వెళ్ళారు. ఆ సంగతి ఆమె వీధంతా చెప్పింది. తీరా నిన్న వేసిన ప్రకటనలో ఆమె ముఖానికీ పొట్టిక్కకీ తేడా తెలియలేదు.

"హెచ్‌డీ పెట్టించండి. లేదంటే నేనింక గుమ్మం దాటను," అంది భర్త కొండయ్యతో.

అమలాపురం నుంచి డిష్ మెకానిక్ ధనరాజు వచ్చి కొత్త పెట్టె బిగించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. అంతలో గాలి వీచింది. బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

"పెట్టె మంచిదేనండి. ఆ కొబ్బరి మట్ట అడ్డమండి. అది ఊగినప్పుడల్లా సిగ్నల్ పోద్దండి."

"మేడ మీద పాత యాంటెనా ఉంది కదయ్యా?" అన్నాడు కొండయ్య.

"ఆయ్, దాని మీద బట్టలు ఆరేసుకోవచ్చండి."

చెట్టు పక్కింటి మరియమ్మ గారిది. ఆవిడ రిటైరైన టీచరు. వీరలక్ష్మి గోడ దగ్గరికి పరుగెత్తింది.

"ఒక్క మట్టండీ టీచరుగారూ! కొట్టించుకుంటాం."

"మట్టకేముందమ్మా, మళ్ళీ వస్తుంది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వుల పిండివంట పెట్టి పంపిన నా స్టీలు డబ్బాయే రాలేదు."

"అది అప్పుడే ఇచ్చేశానండీ! ఇంకెవరింట్లో ఉందో."

"ఎదురింటి సత్యప్రియనీ అడిగేను. అప్పట్నుంచీ నాతో మాటలు లేవు."

వీరలక్ష్మి చప్పున మాట మట్ట మీదికి మళ్ళించింది.

కొబ్బరికాయలు దింపు తీసే కామరాజు చెట్టెక్కాడు. కింద నుంచి కొండయ్య "ఎడమది!" అన్నాడు. ధనరాజు "కుడిదండి!" అన్నాడు. కామరాజు ఇద్దరికీ "ఆయ్" అని రెండూ కొట్టేశాడు. రెండో మట్ట మీద ఆనుకుని ఉన్న గెల, ఆసరా పోయి, సరాసరి మరియమ్మ గారి డిష్ మీద పడింది. డిష్ అప్పడంలా ముడుచుకుంది.

"బాగుందమ్మా, నీ టీవీ వచ్చింది, నాది పోయింది," అంది మరియమ్మ. "ఇప్పుడు నిన్ను నేనెక్కడ చూడను?"

"మా ఇంట్లో చూద్దురుగాని రండి! ముందు కుర్చీ మీదే!"

గెల చప్పుడుకి బయటికొచ్చిన సత్యప్రియ కూడా వచ్చి, మరియమ్మకు రెండు కుర్చీల అవతల, ముఖం తిప్పుకుని కూర్చుంది.

సరిగ్గా పదకొండుకి వీరలక్ష్మి తెర మీదికి వచ్చింది. చీర జరీ పోగుపోగూ కనబడింది. పొట్టిక్కల మీద ఆవిరి కూడా కనబడింది.

"మా ఆవిడేనా!" అన్నాడు కొండయ్య.

తెర మీది వీరలక్ష్మి యాంకరు వైపు తిరిగి, "మా కోనసీమలో పక్కింటికి పెట్టకుండా తినమండీ," అంటూ అలమరలోంచి ఇడ్లీ రవ్వ డబ్బా తీసి కెమెరా ముందు పెట్టింది. డబ్బా మీద చుక్కలతో చెక్కించిన పేరు మిలమిలా మెరిసింది.

సత్యప్రియ పైకే చదివింది. "పి. మరియమ్మ, ఎం.ఏ., బి.ఎడ్."

అందరూ వీరలక్ష్మి వైపు తిరిగారు.

"ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కదండీ," అంది వీరలక్ష్మి, చీర చెంగు మెలిపెడుతూ. "ఏదైనా మంచిది చేసి, నింపి ఇద్దామనుకున్నాను. మరీ ఆలస్యమైపోయేసరికి సిగ్గేసి, ఇచ్చేశానని అనేశాను."

"ఎనిమిది నెలల్లో ఒక్క మంచి వంటా చెయ్యలేదా తల్లీ?" అంది మరియమ్మ.

"రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటానండీ," అంది తెర మీది వీరలక్ష్మి, నవ్వుతూ.

ముందు సత్యప్రియ ఫక్కున నవ్వింది. తర్వాత మరియమ్మ. నవ్వుతూనే ఒకరి వైపొకరు చూసుకున్నారు.

"అక్షరం పోలేదు, చూసేరాండి?" అన్నాడు ధనరాజు గర్వంగా.

మధ్యాహ్నానికి ఆ డబ్బా నిండా పొట్టిక్కలతో గోడ దాటింది. సత్యప్రియ ఇంటికి ఇంకో గిన్నెడు వెళ్ళాయి. మరియమ్మ గారింటికి కొత్త డిష్ కూడా కొండయ్యే పెట్టించాడు.

సాయంత్రం ఆ కార్యక్రమం మళ్ళీ వేశారు. వీరలక్ష్మి హెచ్‌డీ వద్దని, మామూలు ఛానల్లోనే పెట్టమంది.