కిరండూల్, బచేలి ఒకటైపోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున చక్రధరరావు పెట్టుకున్న పనులు రెండే. వీడియో గేమ్ కంట్రోలర్ల మీద పేరుకున్న ఎర్రదుమ్ము తుడవడం, సాయంత్రం మ్యాచ్‌కి వచ్చే జనం కోసం భార్య వేసే బజ్జీలకు శనగపిండి కొనడం. కిరండూల్‌లో ఇనుపగని ఉన్నంతకాలం మొదటి పనికి అంతు లేదు. ఆ గనిలోనే డంపర్ నడిపి రిటైరైన ఆయన, వచ్చిన సొమ్మంతా పెట్టి మార్కెట్‌లో గేమ్ దుకాణం తెరిచాడు. పక్క టౌన్‌షిప్ బచేలిలో ముకేష్ అనే కుర్రాడికి అలాంటిదే మరొకటి ఉంది. మామూలు రోజుల్లో ఇద్దరికీ ఈగలే గిరాకీ. ఆదివారం మాత్రం రెండు దుకాణాల జట్లూ చక్రధరరావు దుకాణంలో టీవీ తెర మీద ఫుట్‌బాల్ ఆడతాయి, రెండు ఊళ్లూ ఎవరి దుకాణం టికెట్ వాళ్లు కొని మరీ చూస్తాయి. ఆ ఒక్క పూట రాబడితోనే ఇద్దరికీ వారమంతా నడుస్తుంది.

చక్రధరరావుకి భయం పుట్టుకతో వచ్చింది. కొండ అంచున అంత పెద్ద బండి అన్నేళ్లు నడిపి ఒక్క ప్రమాదం కూడా చేయలేదంటే కారణం నైపుణ్యం కాదు, అదే. ఆ పొద్దున దుమ్ము తుడుస్తూ ఫోన్‌లో వార్త విన్నాడు. ఎక్కడో ఒక పెద్ద గేమ్ కంపెనీ ఇంకో పెద్ద గేమ్ కంపెనీని కొనేసిందట. ఇక పోటీ ఉండదనీ, చిన్నవాళ్లు నామరూపాల్లేకుండా పోతారనీ ఒకాయన కళ్లద్దాలు సవరించుకుంటూ చెప్పాడు. తలెత్తి చూస్తే ఎదురుగా ఖాళీగా ఉన్న గోదాము ముందు జగదల్‌పూర్ వికాస్ నిలబడి, టేపుతో గోడ కొలుస్తున్నాడు. జగదల్‌పూర్‌లో హాలునిండా టీవీలు పెట్టి గేమ్ సెంటర్ నడిపే వికాస్. చక్రధరరావు గుడ్డ అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాడు.

భార్య అప్పలనరసమ్మ పచ్చిమిరపకాయలు చీరుతూ విషయం విన్నది.

"ఏటండి, ఆడెవడో గోడ కొలిత్తే మీకు జొరమొచ్చిందేటి? ఎల్లి ఎందుకొచ్చేవని అడగండి."

అడగడానికి ధైర్యం కావాలి. ఆయన అడగలేదు. ఊళ్లో ఆటో నడిపే లక్మా బండెక్కి నేరుగా బచేలి వెళ్లి, దుకాణం బయటే ఉన్న ముకేష్ ముందు కూలబడ్డాడు.

"మనిద్దరం ఒకటైపోదాం ముకేషూ. లేపోతే ఆడు మనిద్దర్నీ మింగేస్తాడు."

ముకేష్ తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు వాడు, తెగువ గలవాడనే పేరుంది. కానీ భయం జలుబులాంటిది, ఎదుట కూర్చున్నవాడికి అంటుకుంటుంది. గంటలోపే ఒప్పందం కుదిరిపోయింది. రెండు దుకాణాలూ ఒకటే, గల్లాపెట్టె ఒకటే, యజమాని చక్రధరరావు, చూసుకునేది ముకేష్. ఒప్పందం కుదిరాక ఇద్దరికీ కొంచెం ధైర్యమొచ్చింది, ధైర్యంతోపాటు ఆలోచనలూ వచ్చాయి. తమ మధ్య పోటీయే లేనప్పుడు ఆట రేటు పెంచితే ఎవరు ఎక్కడికి పోతారు? కొత్త గేములు రెండేసి కొనడమెందుకు? ఫ్యాన్లు తిప్పడమెందుకు? ఇంటికి వచ్చి ఈ లెక్కనే బజ్జీల సైజు కూడా తగ్గించమన్నాడు చక్రధరరావు. అప్పలనరసమ్మ విననట్టే ఇంకాస్త పెద్ద మిరపకాయలు ఏరుకుంది. బజ్జీలు మాత్రం తగ్గలేదు.

ఇద్దరూ ఒక్క సంగతి మరిచారు. మాటలన్నీ లక్మా ఆటో పక్కనే నడిచాయి. లక్మా ఎవరికీ చెప్పలేదు, ఆటో స్టాండులో ఉన్నవాళ్లకు తప్ప.

సాయంత్రం మ్యాచ్ మొదలయ్యే వేళకు జనం వచ్చారు గానీ లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి చూస్తున్నారు. చక్రధరరావు గడప దిగి వచ్చాడు. ఎందుకు రావడం లేదని మెల్లగా అడిగితే, లక్మా అందరి తరఫునా జవాబిచ్చాడు. ప్రతి సంతలోనూ కోడిపందెం చూసిన మనిషి అతను.

"రెండు కోళ్లూ ఒక్కనియే అయితే పందెమెవడు చూస్తడు, రావ్ సాబ్? ఏది గెలిచినా కూర మీ ఇంట్లనే గద."

జనం తలలూపారు. అప్పటికే టికెట్ కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడిగారు. వికాస్ అవసరమేమీ లేకుండానే దుకాణం మునిగిపోయేలా ఉంది. జట్టుతో వచ్చిన ముకేష్‌ని చక్రధరరావు వెనక గదిలోకి లాక్కెళ్లాడు. కలిసిపోయామన్నది పుకారని జనం నమ్మాలంటే ఇద్దరూ అందరి ముందూ పోట్లాడుకోవాలన్నాడు ముకేష్. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని చక్రధరరావుకు ఏమనాలో కూడా ముకేషే నేర్పాడు.

పోట్లాట వీధిలో మొదలైంది. బచేలి కంట్రోలర్లు నొక్కితే పలకవని చక్రధరరావు వణుకుతూ అన్నాడు. జనం ఆసక్తిగా దగ్గరికి జరిగారు. ముకేష్ కూడా అనుకున్న ప్రకారమే రెండు మాటలన్నాడు. మూడో మాట మాత్రం అనుకున్నది కాదు.

"మేం గెలుస్తున్నమంటె మెయిన్ స్విచ్ తీసేసెటోళ్లు మాకు చెప్పబట్టిరి. కిందటి నెల కరెంటు ఎట్ల పోయిందో నాకు తెల్వదా?"

ఆ స్విచ్ సంగతి నిజం. ఆ రోజు ఓడిపోతామన్న భయంతో చక్రధరరావే తీశాడు. నిజం వినేసరికి ఆయనకి నటన మరిచిపోయేంత కోపం వచ్చింది. ముకేష్ చొక్కా పట్టుకున్నాడు. బచేలి కుర్రాళ్లు అడ్డుపడ్డారు, వాళ్లను కిరండూల్ కుర్రాళ్లు అడ్డుకున్నారు. బజ్జీల పళ్లెం ఎగిరింది. ఎవరో రెండు ఊళ్లూ కొట్టుకుంటున్నాయని ఫోన్ చేశారు. నక్సల్స్ భయమున్న ఈ ప్రాంతంలో అలాంటి ఫోన్ వస్తే పోలీసులు ఒక బండిలో రారు.

స్టేషన్లో ఎస్సై, అక్కడివాళ్ల మాటలో థానేదారు, గొడవెందుకని చక్రధరరావుని అడిగాడు. ఉత్తుత్తి గొడవ అంటే పోలీసుల్ని ఆటపట్టించినట్టు. పైగా ఆ మాట కిటికీ దగ్గర చెవులు రిక్కించిన జనం వింటారు, ఆదివారాలు శాశ్వతంగా పోతాయి. నిజమైన గొడవ అంటే కేసు. ఎటు పోయినా దుకాణం పోతుంది. చక్రధరరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది పగతో వచ్చిన కన్నీరని థానేదారు అనుకున్నాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పేశాడు. ఇతను అతని దుకాణం గడప తొక్కకూడదు, అతను ఇతనిది తొక్కకూడదు. ఇద్దరి మధ్యా వ్యాపారం, లావాదేవీ, పొత్తు ఏదీ ఉండకూడదు. కుర్రాళ్లు మాత్రం ఆడుకోవచ్చు. పొద్దున పుట్టిన కంపెనీ దీపాలవేళకు పోయింది.

తరువాతి ఆదివారం వీధి పట్టనంత జనం వచ్చారు. పోలీసుల దాకా వెళ్లిన పగ అంటే మాటలా? రేటు పెంచే మాట ఎవరూ ఎత్తలేదు, ఫ్యాన్లన్నీ తిరిగాయి. చక్రధరరావు వారం రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుంటుండగా, జనంలోంచి దారి చేసుకుంటూ వికాస్ వచ్చాడు. నేరుగా ఆయన ముందుకే వచ్చి ఆగాడు. చక్రధరరావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

వికాస్ నమస్కారం పెట్టాడు. తన సెంటర్‌ని రాయ్‌పూర్ వాళ్లు కొని, తమదాంట్లో కలుపుకుని, నెల తిరక్కుండా తాళం వేసేశారని చెప్పాడు. మిగిలిన టీవీలు ఎక్కడైనా పెట్టుకుందామని ఆ రోజు గోదాము చూశాడట. అడిగిన అద్దె తన చేతికి అందనంత ఉందట. చెబుతుంటే అతని గొంతు వణికింది. ఆ వణుకు చక్రధరరావుకి బాగా పరిచయమైనదే.

"నన్ను మీలో కలుపుకోండి రావుగారూ. ఒక్కణ్ణే ఉండాలంటే భయంగా ఉంది."

కలుపుకుంటే ఆ టీవీలతో తనకిక పోటీకి నిలిచేవాడుండడని ఒక్క క్షణం ఆశ పుట్టింది. వీధినిండా నిలబడ్డ జనాన్ని చూశాడు.

"కలవొద్దు బాబూ. జగదల్‌పూర్ దారిలో గీదం ఉంది గదా, అక్కడ దుకాణం పెట్టుకో. అడ్వాన్సుకి తక్కువైతే నానిస్తాను. ఆదివారం జట్టుతో మా మీదకి రా."

అప్పలనరసమ్మ అటుగా వచ్చి వికాస్ చేతిలో బజ్జీల పళ్లెం పెట్టింది. భర్తను ఏమీ అనలేదు. ఆమె మెచ్చుకోవడమంటే అదే.

గీదం జట్టు వచ్చిన మొదటి ఆదివారమే కిరండూల్‌నీ బచేలినీ చిత్తుగా ఓడించింది. చక్రధరరావు మళ్లీ భయపడటం మొదలుపెట్టాడు, కొత్త కంట్రోలర్లు కొన్నాడు.