లేదన్న వాన

వాతావరణ కార్యాలయంలో ప్రోగ్రాములు రాసే ఒక ఇంటి కోడలికి ఆ ఉదయం ఒకటే కోరిక. పని త్వరగా ముగించి, ఇంటికెళ్ళి, తనివితీరా నిద్రపోవాలి. కిటికీ అవతల పొగమంచు వీధినంతా దూదిలో చుట్టి పెట్టింది.

పని చిన్నదే. పట్టికలో రోజూ పడే వానను లెక్కగట్టే వరుస పేరు ‘వాన’. కొత్తగా వచ్చిన సూచనల ప్రోగ్రాముకు ‘వర్షపాతం’ అన్న మాటే తెలుసు. అందుకని ఆ వరుసకు మారుపేరు తగిలించింది. ఏ పేరుతో పిలిచినా అవే అంకెలు పలికాయి. ఆవలిస్తూనే మురిసిపోయి ఇంటిదారి పట్టింది.

అయితే ఆ ప్రోగ్రాము మర్యాదస్థురాలు. అంకెలు అడిగేముందు, అసలు వర్షపాతం ఉందా అని వాకబు చేస్తుంది. పట్టిక మారుపేర్లు వదిలేసి అసలు పేర్లు మాత్రమే చూసుకుని లేదంది. లేకపోతే సరేనని, రోజంతా పొడిగా ఉంటుందని ప్రోగ్రాము ఊరంతటికీ చాటింది.

అత్తగారు అది విని పరుపులన్నీ ఎండకని డాబా ఎక్కించింది. వాతావరణాఫీసు కోడలున్న ఇల్లే ఎక్కించాక ఇంకేం అనుమానమని వీధి వీధంతా ఎక్కించింది. డాబాల మీద తెల్లమబ్బులు దిగి కునుకు తీస్తున్నట్టుంది. కింద సోఫాలో కోడలూ అదే పనిలో ఉంది.

ఆఫీసులో పెద్దసారు తలెత్తి చూస్తే కారుమబ్బు. కోడలు ఫోను ఎత్తకపోవడంతో డ్రైవరును పంపారు. అతను గుమ్మంలో నిలబడి ఆమె పూర్తిపేరు చెప్పి, ఉన్నారా అని అడిగాడు. పెళ్ళయిన నాటినుంచీ కోడల్ని ‘బుజ్జీ’ అని తప్ప పిలిచి ఎరగని అత్తగారు కాసేపు ఆలోచించింది.

“ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు నాయనా.”

డ్రైవరు వెనుదిరిగాడు. వాన మాత్రం తిరగలేదు. మెత్తగా, జోలపాడినట్టు కురిసింది. పరుపులు తాగినంత తాగాయి.

మేలుకున్న కోడలు డాబా మీదికి పరుగెత్తి, అత్తగారితోపాటు ఒక పరుపు కొస పట్టుకుంది. అది ఏనుగుపిల్లలా బరువెక్కింది.

“వాన లేదన్నారు గదే మీవాళ్ళు?”

“ఉందత్తయ్యా. ఇంకో పేరుతో అడిగేసరికి మా పట్టిక లేదని చెప్పినట్టుంది.”

అత్తగారి చేతిలోంచి పరుపు జారిపోయింది. “అయ్యో బుజ్జీ, ఇందాక నీకోసం ఎవరో వచ్చారే.”

కోడలు తడిబట్టలతోనే ఆఫీసుకు పరుగెత్తింది. ‘ఉందా’ అని ఎవరడిగినా మారుపేర్లు కూడా వెతికి చూడమని పట్టికకు నేర్పింది. పట్టిక ఈసారి ఉందంది. ఉంటే సరేనని, రేపు కుండపోత తప్పదని ప్రోగ్రాము ప్రకటించింది.

వీధి ఈసారి జాగ్రత్తపడింది. తడిపరుపులన్నీ గదుల్లోకి చేర్చి, తలుపులు బిగించుకుని కూర్చుంది.

మర్నాడు ఎండ మాడు పగలగొట్టింది.