మేడ మీది గుర్తు

కొత్త విమాన కెమెరాకు ఆ రోజు పరీక్ష. పరీక్ష పెట్టేది సర్వేయరు. ఊళ్లో అయిదుచోట్ల తెల్లగుడ్డను ప్లస్ గుర్తులా పరిచి, ఏది ఎక్కడుందో అంగుళాలతో సహా కొలిచిపెట్టుకున్నాడు. విమానం తీసే ఫొటోలో గుర్తులు కొలిచినచోటే కనిపిస్తే కెమెరా పాసు, లేకపోతే వెనక్కి. మెట్లెక్కే శ్రమ తగ్గుతుందని అయిదో గుర్తు సొంత మేడ మీదే పెట్టుకున్నాడు.

"అత్తయ్యా, పదింటికి విమానం వచ్చి ఫొటో తీస్తుంది. దీన్నెవరూ ముట్టుకోకుండా చూడండి" అని చెప్పి ఆఫీసుకు వెళ్లాడు.

అత్తగారికి గుడ్డ మీద మట్టి మరక కనిపించింది. "ఇల్లు ఇంత మురికిగా ఫొటోలో పడితే మన పరువేం కాను?" అంటూ ఉతికి, ఆరేసి, తూర్పు గోడవారగా వంకర లేకుండా పరిచారు. ఆ తర్వాత నిజంగానే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. విమానం వెళ్లగానే మడతపెట్టి బీరువాలో దాచారు.

వారం తిరక్కుండా లెక్కలు తేలాయి. నాలుగు గుర్తులూ చక్కగా కుదిరాయి. అయిదోది ఆరడుగులు తూర్పుకు జరిగింది.

"ఇంత పేరున్న కెమెరాలోనే తప్పు పట్టావయ్యా" అని ఆఫీసరు భుజం తట్టాడు. "నీ ప్రమోషన్ కాగితం ఇదిగో, నా బల్ల మీదే ఉంది."

ఆ కాగితం కోసం సర్వేయరు పదేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. తన కొలతే తప్పేమోనన్న అనుమానాన్ని గుటుక్కున మింగేశాడు.

కెమెరా కంపెనీ ఇంజనీరమ్మకు ముఖాన నెత్తురు చుక్క లేదు. లెన్సు విప్పి, బిగించి, ఇంకొక్కసారి ఎగరనివ్వమని బతిమాలింది.

రెండోసారి సర్వేయరు గుడ్డను మళ్లీ కొలిచినచోటే పరిచి వెళ్లాడు. అత్తగారికేమో సరిగ్గా అక్కడే దుప్పట్లు ఆరేసే పని పడింది. ఈసారి గుర్తు ఆరడుగులు పడమటికి పోయింది.

"మరీ ఎక్కువ బిగించారమ్మా" అన్నాడు ఆఫీసరు.

ఇంజనీరమ్మ ఫొటోను గోడంత పెద్దది చేసి చూపించింది. అందులో ఒకావిడ వంగి, గుర్తును కొస పట్టుకుని లాగుతోంది. పక్కనే బకెట్టు నిండా దుప్పట్లు.

"ఎవరయ్యా ఈవిడ? మేడ నీదే కదా?" అన్నాడు ఆఫీసరు.

"మా అత్తగారండీ" అన్నాడు సర్వేయరు.

ఆఫీసరు ప్రమోషన్ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. కెమెరా పాసైందని సంతకం చేశాడు.

సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "బాబూ, నేను మేడ మీదుండగానే విమానం వచ్చేసింది. ఫొటోలో సరిగ్గా పడ్డానా?"

"మీరు సరిగ్గానే పడ్డారత్తయ్యా. బొక్కబోర్లా పడింది నేను."