కీళ్ళవాతానికి కంకణం

ఇకమీదట ఏ రోగికీ తన నొప్పి గురించి నోరు తెరిచి చెప్పుకోవాల్సిన ఖర్మ ఉండదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. కీళ్ళవాతం ఉన్న ప్రతి మనిషి చేతికీ ఒక ఎలక్ట్రానిక్ పట్టీ కడతారు. చెయ్యి ఎంత కదిలిందో అది లెక్కగట్టి నేరుగా సర్కారు కంప్యూటరుకు పంపుతుంది. రోగుల కోసం కంకణం కట్టుకున్న ప్రభుత్వాలను చూశాం గాని, రోగులకే కంకణం కట్టిన ప్రభుత్వం ఇదొక్కటే.

టైలరమ్మ కుడిచేతికి పట్టీ బిగించడానికి ఇద్దరు నర్సులు, ఒక కోడలు కావలసి వచ్చారు. దాని క్లిప్పు నొక్కాలంటే వేళ్ళలో గట్టి బలం ఉండాలి. కీళ్ళవాతం లేనివాళ్ళెవరైనా సులువుగా పెట్టుకునేలా తయారుచేశారని అందరూ మెచ్చుకున్నారు.

టైలరమ్మకు కావలసిందల్లా ఆస్పత్రిలో నెలనెలా వేసే ఇంజెక్షను. అది పడితే వేళ్ళు వదులై కత్తెర పట్టుకుంటాయి. పడకపోతే తన గుండీ తాను పెట్టుకోలేదు, కోడలిని పిలవాలి. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషికి అంతకన్నా తలవంపులు లేవు. ఇప్పుడా ఇంజెక్షను ఎవరికి వెయ్యాలో డాక్టరు కాదు, పట్టీ చెబుతుంది.

"చెయ్యి బాగా కదిలితే జబ్బు తగ్గినట్టమ్మా. ఇంజెక్షన్ ఆపేస్తాం" అన్నాడు ప్రాజెక్టు ఆఫీసరు.

"కదలకపోతేనో?"

"పథకానికి మీరు సహకరించట్లేదని అర్థం. అలాంటివాళ్ళకి ఎలా వేస్తాం చెప్పండి?"

"మరి ఎంత కదపమంటావు బాబూ?"

"నొప్పి ఉన్నంత" అన్నాడు ఆఫీసరు, ఎంతో ఓపిగ్గా.

ఆ కొలత తెలియక టైలరమ్మ సతమతమైపోయింది. ముక్కు మీద ఈగ వాలితే తోలబోయి ఆగిపోయింది.

"తోలేయండి అత్తయ్యా, ఒక్క ఈగకేమవుతుంది?"

"నీకేం, చెబుతావు. నా ఇంజెక్షను ఈగ పాలయితే?"

ఈగ తాపీగా కూర్చుంది. చివరికి కోడలే తోలింది.

రోగుల అభిప్రాయం లేనిదే ఏ పథకమూ పూర్తి కాదని మంత్రిగారి గట్టి నమ్మకం. అందుకే పథకం పూర్తయ్యాక అభిప్రాయ సేకరణ సభ పెట్టారు. సభ మూడో అంతస్తులో. లిఫ్టు ఆపించారు, మోకాళ్ళ సంగతి కూడా తేలిపోతుందని. వేదిక మీద పెద్ద తెర. అందులో ఒక్కో రోగికి ఒక్కో ఎర్ర చుక్క.

మంత్రిగారు మాట్లాడుతుంటే పార్టీ కార్యకర్త ఒకడు లేచి, "చప్పట్లు! చప్పట్లు!" అని అరిచాడు. ముందు వరుసవాళ్ళు మొహమాటానికి పళ్ళు బిగించుకుని కొట్టారు. వాళ్ళ చుక్కలన్నీ పచ్చగా మారాయి.

"చూశారా! నా ప్రసంగానికే వరుసకు వరుస కోలుకుంది" అన్నారు మంత్రిగారు. ఆఫీసరు అక్కడికక్కడే వాళ్ళ ఇంజెక్షన్లు రద్దు చేశాడు.

"పట్టీ మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే చెయ్యెత్తండి. ఎత్తితేనే మైకు ఇస్తాం" అన్నాడు ఆఫీసరు.

ఎవరూ కదల్లేదు. టైలరమ్మకు ఒళ్ళు మండింది. కోడలు వద్దంటున్నా వినకుండా, కుడి మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అంగుళం అంగుళం పైకి నెట్టింది. ప్రాణం పోయినంత పనైంది. మైకు వచ్చింది.

"నొప్పి నాది బాబూ. పట్టీని కాదు, ఒక్కసారి నన్నడగండి."

ఆమె చుక్క మిలమిలా పచ్చబడింది. మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"భుజం దాటి ఎత్తారు! అమ్మా, మీరు పూర్తిగా కోలుకున్నారు. ఈ పథకానికి మీరే ముఖచిత్రం!"

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆనందబాష్పాలు దొరికాయని కెమెరాలు పరుగెత్తుకొచ్చాయి. ఎత్తిన చెయ్యి దించడానికి కోడలు సాయం పట్టవలసి వచ్చింది.

మంత్రిగారు ప్రజాస్వామ్యవాది, ఒంటెత్తు నిర్ణయాలు ఆయనకు గిట్టవు.

"ఈవిడ కోలుకోలేదని ఎవరికైనా అనిపిస్తే, ఏ భయమూ లేకుండా చెయ్యెత్తండి" అన్నారు.

హాలులో ఉన్నవాళ్ళంతా గబగబా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. టైలరమ్మ ఒక్కతే మళ్ళీ ఎత్తబోయింది. చెయ్యి లేవలేదు.

"ఏకగ్రీవం" అన్నాడు ఆఫీసరు.