బిషప్ నిచ్చెనలో ఇరుక్కున్న క్యామ్

శనివారం పొద్దున్నే థేన్ యోర్గెన్సన్ గరాజు నేల మీద సామగ్రి అంతా పరిచి, క్లాసులో హాజరు వేసినట్టు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇవాళ 'బిషప్ నిచ్చెన' ఎక్కాలి. కాటన్‌వుడ్ లోయలో నూటపది అడుగుల గ్రానైటు గోడ అది. పట్టు దొరకని నున్నటి బండ మీద ఎవరో ఎప్పుడో మూడు బోల్టులు దిగ్గొట్టారు. మిగతాదంతా పగుళ్ళే. వాటిలో ఎక్కేవాడే తన పరికరాలు దూర్చుకుని, తాడు తగిలించుకుంటూ పోవాలి. పదకొండేళ్ళలో థేన్ నాలుగుసార్లు ప్రయత్నించాడు. నాలుగుసార్లూ రెండో బోల్టు దగ్గర జారి తాడుకు వేలాడాడు.

అయినా మొన్న కొండలెక్కేవాళ్ళ క్లబ్బు విందులో, చేతిలో ఆకుపచ్చ జెల్లీ పళ్ళెంతో లేచి నిలబడి, ఈసారి ఒక్కసారి కూడా పడకుండా ఎక్కుతానని ప్రకటించాడు. పడితే ఆ దారి పేరు జన్మలో ఎత్తనన్నాడు. యాభై నాలుగేళ్ళ లెక్కల మాస్టారు నలభై మంది ముందు తన పరువంతా తీసుకెళ్ళి ఆ గోడకు తగిలించేశాడు.

"వేలు మందం క్యామ్ కనబడటం లేదే," అన్నాడు భార్యతో. క్యామ్ అంటే పగుల్లో దూర్చి వదిలితే స్ప్రింగు బలంతో విచ్చుకుని కరిచిపట్టే పరికరం.

ఆర్వా శాండ్‌విచ్‌లు చుడుతూ తలెత్తలేదు. "ఎక్కడో ఉంటుందిలే. లైబ్రరీలో నాతో పనిచేసే డెలోరా దగ్గరుంది, అడిగి తెస్తానుండు."

థేన్ అక్కర్లేదన్నాడు. పై నుంచి కింది దాకా ఏ అంగుళంలో ఏ పరికరం పెట్టాలో కాగితం మీద గీసేశాడు. అందులో ఆ సైజుకు పనే లేదు.

వాళ్ళు వెళ్ళేసరికి క్లబ్బు పెద్ద రూలన్ గోడ కింద మడతకుర్చీ వేసుకుని, థర్మాసులో వేడి చాక్లెట్, ఒళ్ళో నోటుబుక్కుతో సాక్ష్యానికి సిద్ధంగా ఉన్నాడు. అతను జారితే ఆపడానికి ఆర్వా కింద తాడు పట్టుకుంది. మొదటి నలభై అడుగులూ థేన్ సొంతింటి మెట్లెక్కినట్టు ఎక్కేశాడు. అక్కడ పగుల్లో, లోపలికంటా ఇరుక్కుపోయిన క్యామ్ ఒకటి తళతళలాడుతూ కనిపించింది.

కిందపడిన పరికరం పోగొట్టుకున్నవాడికి ఇచ్చేయాలి. పగుల్లో ఇరుక్కున్నది మాత్రం ఊడదీసినవాడి సొత్తు. ఆ లోయలో కొండలెక్కే వాళ్ళందరికీ తెలిసిన రివాజు ఇది. పైగా ఇది వేలు మందం సైజు. థేన్‌కి నోరూరింది.

"వదిలెయ్ థేన్, నీ వెనకాల పరికరాలు ఊడదీసుకుంటూ వచ్చేటప్పుడు నేను తీస్తాను," అంది ఆర్వా.

ముందు చూసింది తానైతే సొత్తు ఆమెది ఎలా అవుతుందని థేన్ వాదించాడు. బొటనవేళ్ళ మీద నిలబడి, నడుముకున్న ఇనుప కొక్కెంతో పొడవడం మొదలుపెట్టాడు. పొడుస్తూనే ఉపన్యాసం అందుకున్నాడు. "ఇంత లోపలికి ఎవరైనా దూరుస్తారా? ఎవరో శుద్ధ మొద్దు. ఇలాంటివాళ్ళని అసలు లోయలోకే రానివ్వకూడదు."

ఆర్వా తాడు వంకే చూస్తూ ఉండిపోయింది. రూలన్‌కి దగ్గు వచ్చింది.

ఇంతలో కొక్కెం జారి సూటిగా థర్మాసు మీద పడింది. చాక్లెట్ రూలన్ ప్యాంటు మీద ఒలికింది. ఆయన ఎగిరి గంతేస్తే కుర్చీ దానంతటదే ముడుచుకుంది. కొక్కెం పోయిందని థేన్, సన్నటి పగుళ్ళలో బిగించే తీగకట్టు ఇనుప బిళ్ళ ఒకటి తీసి దాంతో కెలికాడు. అదీ ఇరుక్కుంది. దాన్ని ఊడదీయడానికి రెండో బిళ్ళ దూర్చాడు. అది మొదటిదాని పక్కనే స్థిరపడింది. ఇరవై నిమిషాలకు తాతలు దిగివచ్చినంత పనై, క్యామ్ ఊడి చేతిలోకొచ్చింది. ఒకటి దొరికింది, రెండు పోయాయి. లెక్కల మాస్టారు ఆ లెక్క మాత్రం వేయలేదు.

ఆ ఊపులో భయపడటం మర్చిపోయి రెండో బోల్టు దాటేశాడు. మూడోదీ దాటాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ పైకి అతను ఎప్పుడూ వెళ్ళలేదు కనుక కాగితం మీద గీసిందంతా ఊహే. పిడికిలి పట్టేంత పగులని గీసిన చోట వేలు పట్టేంత సందుంది. దగ్గరున్నవేవీ అందులో పట్టవు. పట్టే రెండు బిళ్ళలూ కింద ఇరుక్కుని ఉన్నాయి. కుడికాలు కుట్టుమిషను పెడల్‌లా కొట్టుకుంటోంది. ఇక పడటం ఖాయమనుకున్నాడు, నిజంగానే భయపడ్డాడు. అప్పుడు కొత్త సొత్తు గుర్తొచ్చింది. దూర్చాడు. కొలతకు చేయించినట్టు పట్టేసింది. దానికి తాడు తగిలించి, నాలుగు ఊపుల్లో పైకి చేరి, లోయ అదిరేలా కేక పెట్టాడు.

తర్వాత ఆర్వా బయల్దేరింది. ఇరుక్కున్న బిళ్ళల దగ్గర ఓ నిమిషం ఆగింది, రెండూ ఊడదీసి నడుముకు తగిలించుకుంది. పైకి వచ్చి అతని పక్కన కూర్చుని, దారిలో ఊడదీసుకొచ్చిన క్యామ్‌ని తిరగేసి చూపించింది. అడుగున ఊదారంగు గోళ్ళరంగు చుక్క. ఇంట్లో తన పరికరాలకు ఆర్వా పెట్టుకునే గుర్తు అది.

థేన్ ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. "నువ్వు దీన్ని ఎక్కావా?"

"జూన్లో. వెనకాల వచ్చిన డెలోరా ఎంత లాగినా అది రాలేదు."

"పడ్డావా?"

"లేదు."

"నాకు చెప్పలేదేం?"

"ఈ దారి నీదని పదకొండేళ్ళ నుంచి అంటున్నావుగా. ముందు నువ్వు ఎక్కు, తర్వాత చెబుదాంలే అనుకున్నా. నీ ఉపన్యాసం మాత్రం బాగుంది."

సిగ్గుతో థేన్ చెవులు కాలిపోయాయి. దాని వెనకాలే, ఆపుకుందామన్నా ఆగకుండా, ఆమెను చూసి గర్వం వచ్చింది. క్యామ్ ఆమె చేతిలో పెట్టబోయాడు.

"రివాజు రివాజే," అంటూ ఆర్వా దాన్ని వెనక్కి నెట్టింది. "అది నీది. ఈ రెండు బిళ్ళలూ నావి."

కిందికి దిగాక రూలన్ నోటుబుక్కు తెరిచి, చాక్లెట్ మరకల కింద జూన్ నెల పేజీ చూపించాడు. 'ఆర్వా. పడలేదు. క్యామ్ ఒకటి పోయింది.' చెప్పనని ఆర్వాకి మాటిచ్చానని, మూడు నెలలు నోరు మెదపకుండా ఉండటం తన వయసులో చిన్న విషయం కాదని ఆయన అన్నాడు. ఇవాళ్టి తేదీ కింద 'థేన్. పడలేదు. క్యామ్ ఒకటి దొరికింది' అని రాశాడు.

ఆ తర్వాత థేన్ ఏ విందులోనూ బిషప్ నిచ్చెన ఊసెత్తలేదు. పడితే కదా నోరు మూసుకుంటానన్నది, పడకుండానే ఎందుకు మూసుకున్నాడా అని రూలన్‌కి ఇప్పటికీ సందేహమే.