శంకువు బడికి బయలుదేరిన ఉదయం

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉందని ఎవరైనా రుజువు చేస్తే మీసం తీయించుకుంటాను.

ఆ ఉదయం లెక్కల మాస్టారు నిలువెత్తు రేకు శంకువును వాకిట్లో నిలబెట్టి, దాని కొనకు చుట్టుకున్న పొగమంచును చూస్తూ టీ చల్లార్చుకుంటున్నారు. ఆయనకు బడి గంట ఎప్పుడూ దారిలోనే వినబడుతుంది. "రేపు గంట కొట్టేలోపు రాకపోతే మీ క్లాసు డ్రిల్లు మాస్టారికి ఇచ్చేస్తాను" అని హెడ్మిస్ట్రెస్ ముందురోజే తేల్చి చెప్పేశారు. వృత్తాలనూ గోళాలనూ గుంజీళ్ళు తీయించే మనిషి చేతిలో పెట్టడమా! ఆ క్లాసులో పిల్లలకు చూపించాలనే రేకుల పనివాడి వెంటపడి మరీ ఈ శంకువు చేయించారు. అడుగు అంచుకు పూసిన నీలంరంగు ఇంకా ఆరలేదు.

"ఆటో పిలవండి" అంది భార్య.

"దొర్లే వస్తువుకు బండెందుకే? బడి ఈ వీధి చివరే కదా!"

"చెబితే వింటే మీరెందుకవుతారు!"

కూడలి దాకా మోసేసరికి మాస్టారి భుజాలు పడిపోయాయి. శంకువును రోడ్డుమీద పడుకోబెట్టి మెల్లగా తోశారు. అది నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది గానీ ముందుకు పోలేదు. తన కొన చుట్టూ తానే తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి ఆగింది. ఇంకాస్త గట్టిగా తోశారు. మళ్ళీ అంతే. ఈసారి రోడ్డుమీద నీలం గీత గుండ్రంగా వచ్చి కలుసుకుంది. ఇన్నేళ్ళూ సుద్దముక్కతో గీయలేకపోయిన వృత్తం! బడినీ గంటనూ మరిచిపోయి, మాస్టారు దాని నడిమధ్యన కలలో ఉన్నట్టు నిలబడిపోయారు.

పాలవ్యాను అతను మంచులో ఆ గీతను చూసి, కొత్తగా పెట్టిన ట్రాఫిక్ రౌండు కాబోలనుకుని చుట్టూ తిరిగాడు. అతన్ని చూసి సైకిళ్ళు, సైకిళ్ళను చూసి బస్సులు. లోపలి వరుసలో ఇరుక్కున్నవాళ్ళు బయటపడే సందు లేక తిరుగుతూనే ఉన్నారు. కానిస్టేబుల్ ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"ఎవరండీ ఈ గీత వేసింది?"

"శంకువు."

"ఆయనది ఏ డిపార్ట్‌మెంటు?"

మాస్టారు నోరు తెరిచేలోపే, ఇదేదో పైవాళ్ళ పనేనని అతను నిశ్చయించేసుకున్నాడు. గీత దాటబోయిన వాళ్ళందర్నీ గదమాయించాడు. బయటికి రాబోయిన మాస్టారిని కూడా లోపలికే తోశాడు.

దూరంగా గంట మోగింది. మాస్టారికి హెడ్మిస్ట్రెస్ మాట గుర్తొచ్చింది. క్లాసు పోయినట్టే.

"మాస్టారూ!"

మంచులోంచి బడి బస్సు తేలుతూ వచ్చింది. కిటికీల నిండా పిల్లలే.

"ఎన్నిసార్లు తిరిగినా మీరు దగ్గరకీ రారు, దూరమూ పోరు. ఏంటండీ?"

"నేను కేంద్రాన్నిరా! మీరు పరిధి! మన మధ్య దూరం వ్యాసార్థం!"

"వ్యాసార్థం!" అని అరుస్తూ బస్సు తిరిగింది. తర్వాతి చుట్టులో ముందు సీటులో హెడ్మిస్ట్రెస్ కనిపించారు.

"గంట కొట్టేశారు మేడమ్, మీరింకా ఇక్కడే ఉన్నారేం?" అన్నారు మాస్టారు అమాయకంగా.

ఆవిడ మరో చుట్టు తిరిగొచ్చారు. "సరేనయ్యా, క్లాసు మీదే! ముందు ఇందులోంచి బయటపడే దారి చెప్పండి!"

"దాన్ని స్పర్శరేఖ అంటారు మేడమ్. కానీ అది పై తరగతి పాఠం."

మంచు విడేదాకా ఊరంతా అలా మెత్తగా తిరుగుతూనే ఉంది. అక్కడ బడి మైదానంలో డ్రిల్లు మాస్టారు ఒక్కరే ఈల వేసుకున్నారు. సాయంత్రం శంకువును ఆటోలో ఇంటికి తెచ్చిన మాస్టారిని చూసి, భార్య నవ్వి టీ ఇచ్చింది.

ఆవిడ నవ్విందన్నది మాత్రం నా కల్పన. మీసం సంగతంటారా, అది నాకు ఎప్పుడూ లేదు.