నలభై మూడో మునక

"సముద్రగర్భాన్ని మానవాళికి పరిచయం చేసే చారిత్రక బాధ్యతను విధి మన క్లబ్బు భుజాల మీద పెట్టింది!"

పళ్ళ డాక్టరు ఈ మాట అన్నది సముద్రపుటొడ్డున, మడత కుర్చీ ఎక్కి. ఆయన డైవింగ్ క్లబ్బుకి అధ్యక్షుడు. ఎదురుగా ఆరుగురు సభ్యులు రబ్బరు సూట్లలో చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టారు. మూడు రోజుల సెలవులకని వేసిన గుడారాల్లో రెండు అప్పటికే గాలికి లేచిపోయాయి, మూడోది కోశాధికారి మీద కూలి ఉంది. ఆయనా లోపల్నుంచే కొట్టాడు.

ఈ పలుకుల్ని మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించే భాగ్యం కార్యదర్శిది. పాపం, ఆయన పగలంతా ఒక ఆఫీసులో రికార్డుల గది గుమాస్తా. అక్కడ ఆయన్ని "ఏమోయ్, ఆ ఫైలు!" అంటారు తప్ప ఇంకో పిలుపు లేదు. క్లబ్బులో మాత్రం "కార్యదర్శి గారూ"! ఆ "గారూ" కోసం ఆయన ప్రాణమైనా ఇస్తాడు. నీళ్ళలో తప్ప ఎక్కడైనా ఇస్తాడు. ఎందుకంటే ఆయనకి ఈత రాదు.

ఈత రాకుండా మూడేళ్ళలో నలభై రెండు మునకలు ఎలా వేశాడంటారా? అదంతా క్లబ్బు నియమావళిలోని పద్నాలుగో నియమం చలవ. ఏ మహానుభావుడు రాశాడో గానీ, చేతులెత్తి దణ్ణం పెట్టాలి. "సభ్యుడు పూర్తి దుస్తులు ధరించి మునకకు సిద్ధముగా ఉండగా, సముద్రము అనుకూలముగా లేదని క్లబ్బు ఏకగ్రీవముగా తీర్మానించినచో, సదరు మునక జరిగినట్లే పరిగణించవలెను."

నలభై రెండుసార్లు వెళ్ళారు, నలభై రెండుసార్లూ సముద్రం అనుకూలంగా లేదు! ఓసారి గాలి ఎక్కువ. ఓసారి గాలి బొత్తిగా లేదు, అది మరీ అనుమానాస్పదం. ఓసారి ఒక పీత అధ్యక్షుడి వంక అదోలా చూసింది. ప్రతిసారీ కార్యదర్శి లేచి నిలబడి తీర్మానం చదవడం, ఎనిమిది చేతులూ పైకి లేవడం, ఒకరి మునక పుస్తకంలో ఒకరు సంతకాలు పెట్టుకుని టీ తాగడం. నలభై రెండూ ఇలా గడిచిపోయాయి.

ఈసారే చిక్కొచ్చిపడింది. డైవింగ్ సమాఖ్య వాళ్ళు క్లబ్బుకి గుర్తింపు కొనసాగించాలా వద్దా తేల్చమని ఒక పరిశీలకుణ్ణి పంపారు. గుర్తింపు పోతే క్లబ్బు లేదు, క్లబ్బు లేకపోతే "గారూ" లేదు. అది చాలదన్నట్టు కార్యదర్శి భార్య కూడా సంచీ సర్దుకుని బయల్దేరింది.

"మూడేళ్ళుగా వింటున్నాను. ఒక్కసారి కళ్ళారా చూడొద్దూ?" అంది. ఆవిడ కుట్టుపని చేస్తుంది. ఆయన సూటుకి చంక కింద మాసిక వేసింది కూడా ఆవిడే.

"నీళ్ళలోపలిది ఒడ్డు మీంచి ఏం కనిపిస్తుందే?"

"పైకి తేలడం కనిపిస్తుందిగా! అది చాలు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే. అటు పరిశీలకుడు, ఇటు పెళ్ళాం.

మర్నాడు పొద్దున లేచి చూద్దురు కదా, సముద్రం కుట్ర పన్నింది! గాలి లేదు, అల లేదు, మబ్బు లేదు. పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా కూర్చుంది. సభ్యుల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

పరిశీలకుడు మంచివాడే. కార్యదర్శి భార్యతో సహా అందర్నీ ఒక పెద్ద పడవలో ఎక్కించి, రెండు నిలువుల లోతులోకి పోనిచ్చి, ఫారం తీశాడు.

"ఒక్క మునక చూపించండి. సంతకం పెట్టేస్తాను. మధ్యాహ్నం నాకు ఇంటి దగ్గర పనుంది."

"నాకేం, ఇప్పుడే దూకేవాణ్ణి," అన్నాడు అధ్యక్షుడు. "చెవి ఒకటి నిన్నట్నుంచీ సహకరించడం లేదు."

"నాకు జలుబు," అన్నాడు గుడారం కింద పడిన కోశాధికారి. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. తక్కినవాళ్ళలో ఒకరికి మోకాలు, ఒకరికి నడుము, ఒకరికి ఆత్మసాక్షి అడ్డొచ్చాయి. చివరికి అన్ని కళ్ళూ కార్యదర్శి మీద వాలాయి. అయినా గుమాస్తా బుర్ర ఊరుకుంటుందా? నలభై రెండుసార్లు కాపాడిన తీర్మానం నలభై మూడోసారి కాపాడదా అనుకుని లేచి నిలబడ్డాడు.

"అయ్యా, కూచోండి! పడవలో నిలబడకూడదు!" పడవ నడిపేవాడు మొత్తుకున్నాడు.

"తీర్మానం కూర్చుని చదవకూడదు, నియమం!" అని కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "సముద్రము మితిమీరిన ప్రశాంతతతో ఉన్నందున, ఇట్టి ప్రశాంతత నమ్మదగినది కాదని..."

అంతే! పడవ ఇటు ఒరిగింది, ఆయన అటు ఒరిగాడు. సిలిండరుతో, సీసపు బెల్టుతో, తీర్మానంతో సహా బుడుంగుమన్నాడు.

"దూకండి! ఎవరో ఒకరు దూకండయ్యా!" అన్నాడు అధ్యక్షుడు, పడవ అంచుని రెండు చేతులతో పట్టుకుని.

"చేతులు లేవలేదు కదండీ. తీర్మానం కాకుండా ఎలా?" అన్నాడు కోశాధికారి.

ఈ చర్చ ఎంతసేపు సాగేదో గానీ, మధ్యలోనే కార్యదర్శి భార్య చీరచెంగు బిగించి దూకింది. దూకడమంటే అలా ఇలా కాదు, చప్పుడన్నా రాలేదు. పొద్దస్తమానం హుక్కులూ బకిళ్ళతో కుస్తీపట్టే చేతులాయె, సీసపు బెల్టు ఒక్క లాగుడుకి ఊడి అడుక్కి పోయింది. మెడపట్టీ దొరకబుచ్చుకుని మొగుణ్ణి పైకి తేల్చింది.

"ఏమండీ, కాళ్ళాడించండి!"

"రాదే!"

"ఏం రాదు?"

"ఈతే రాదు!"

"మరి ఆ నలభై రెండూ?"

"ఒడ్డునే!" అని నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు నిజం కక్కేశాడు. "నీకెప్పుడొచ్చిందే ఈత?"

"మీరు సముద్రంలో దిగుతున్నారు, ఏదన్నా అయితే పట్టుకోడానికి ఓ మనిషి ఉండొద్దూ అని ఏణ్ణర్థం పాటు మంగళవారం మంగళవారం ఈతకొలనుకెళ్ళి చచ్చానండీ! నీళ్ళంటే నాకు ఎంత భయమో తెలుసా!"

ఆయనకి ఏడుపొచ్చింది. ఆవిడకి మాత్రం నవ్వొచ్చింది. ఎంత నవ్వంటే ఇద్దరూ కలిసి ఇంకోసారి మునిగారు. పడవవాడు తెడ్డు అందించి ఇద్దర్నీ పైకి లాగాడు.

పరిశీలకుడు ఫారం చూసి నిట్టూర్చాడు. "ప్రమాదాలు అన్న చోట సున్నా ఉంటేనే గుర్తింపు. కళ్ళముందు జరిగింది, ఒకటి వేయక తప్పదు. క్షమించండి."

కార్యదర్శి నీళ్ళు కక్కుతూనే అధ్యక్షుడి వంక ఆశగా చూశాడు. ఆయన వట్టి అధ్యక్షుడా, కొరకరాని పళ్ళు ఎన్నింటినో పెరికినవాడు!

"ప్రమాదం సభ్యుడికి జరిగితేనే కదండీ లెక్క?"

"అవును. సభ్యుడికే."

"తీర్మానం పూర్తి కాకముందే నీళ్ళలో దిగడం ఘోరమైన క్రమశిక్షణారాహిత్యం. మూడేళ్ళలో మా సభ్యుడెవరూ ఇంతటి పని చెయ్యలేదు! అట్టి వ్యక్తి, అడుగు జారిన క్షణం నుంచీ మా సభ్యుడు కాడు. పడవలో వచ్చిన ఎవరో ప్రయాణికుడు. ఇక మేం ఏడుగురం సూట్లతో సిద్ధంగానే ఉన్నాం, ఈ కల్లోలంలో సముద్రం అనుకూలంగా లేదు. కనుక ఏడు మునకలు జరిగినట్లే. ఏమంటారు?"

పరిశీలకుడు గడియారం చూసుకున్నాడు. "తీర్మానం రాసిస్తే నాకేం అభ్యంతరం లేదు."

"రాసుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

మినిట్స్ పుస్తకం ఎప్పట్లాగే కార్యదర్శి ఒళ్ళోకొచ్చింది. ఒక్కనాడూ మునగలేదని తెలిస్తే పదవి పోతుందని మూడేళ్ళు వణికిన మనిషి, మునిగినందుకు పదవి పోతోందని గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేతా లేకుండా రాశాడు.

"దీన్ని ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి!"

అధ్యక్షుడు తల ఊపుతూ లెక్కపెట్టాడు. "ఆరు, ఏడు, ఎనిమిది. ఏకగ్రీవం!"

ఏడుగురే కదా అని కార్యదర్శి తలెత్తి చూశాడు. మోచేతి దాకా నీళ్ళు కారుతూ, పడవలో అందరికన్నా ఎత్తుగా లేచిన ఆ ఎనిమిదో చెయ్యి తనదే.